ఏ రెసిడెన్సీకి దరఖాస్తు చేయాలి: రచయితలకు, అనువాదకులకు ఒక పోలిక

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, పీటర్‌బరో అనే చిన్న ఊరి పక్కన అడవిలో ఉన్న మెక్‌డవెల్‌లో మధ్యాహ్న భోజనం బుట్టలో వస్తుంది. తెచ్చినవారు దాన్ని స్టూడియో గుమ్మం దగ్గర పెట్టి, లోపలివారిని పలకరించకుండా వెళ్ళిపోతారు. అయోవా సిటీలో మధ్యాహ్నం అలా గడవదు. అక్కడి అంతర్జాతీయ రచనా కార్యక్రమానికి వచ్చిన రచయితలు శుక్రవారం మధ్యాహ్నం ఊరి పబ్లిక్ లైబ్రరీలో వేదికెక్కి, ఇచ్చిన అంశం మీద మాట్లాడి, శ్రోతల ప్రశ్నలకు జవాబులు చెబుతారు. జర్మనీలో, నెదర్లాండ్స్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న స్ట్రాలెన్ అనే ఊళ్ళోని అనువాదకుల ఇంట్లో ఎవరి వంట వారు ఉమ్మడి వంటింట్లో చేసుకుంటూ, పొద్దున్నుంచి కొరుకుడు పడని వాక్యాన్ని పక్క పొయ్యి దగ్గరున్నవారి ముందు పెట్టే అవకాశం ఉంటుంది.

ఈ మూడూ రెసిడెన్సీలే. ఒక సంస్థ రచయితకో అనువాదకునికో కొన్ని వారాలో నెలలో ఉండటానికి చోటు, చాలాచోట్ల తిండి, కొన్నిచోట్ల భత్యం కూడా ఇచ్చి, పని చేసుకోమనడమే రెసిడెన్సీ. కానీ ఒకచోట దొరికేది మరోచోట దొరకదు. అందువల్ల "అన్నిటికన్నా మంచిది ఏది?" అని ఎవరైనా అడిగితే, మీ రాతప్రతి ఇప్పుడు ఏ దశలో ఉంది అని నేను ఎదురు అడుగుతాను. మొదటి రాత సగంలో ఆగినవారికి కావలసింది ఏకాంతం. తిరగరాతలో ఉన్నవారికి ఏకాంతంతో పాటు సాయంత్రం పూట మాట్లాడటానికి నలుగురు కావాలి. పుస్తకం పూర్తయి, తన భాష బయట దానికి పాఠకులను వెతుక్కుంటున్నవారికి జనం కావాలి. అనువాదకుల లెక్క మళ్ళీ వేరు. వారి విషయంలో దశ కంటే ముందు ఏ భాష నుంచి ఏ భాషలోకి అన్నది చూడాలి. సంస్థ పేరు ఎంత పెద్దది, అక్కడికి ఇదివరకు ఎవరెవరు వెళ్ళారు అన్నవి ఆ తరువాతి ప్రశ్నలు. మనవాళ్ళలో చాలామంది ఈ వరసను తిరగేసి, ముందు పేరు చూసి దరఖాస్తు చేసి, దొరికాక అక్కడ ఏం రాయాలో ఆలోచిస్తారు.

ఏకాంతం కావలసినవారికి

మెక్‌డవెల్ 1907లో మొదలైంది. సంగీతకర్త ఎడ్వర్డ్ మెక్‌డవెల్, ఆయన భార్య, పియానో కళాకారిణి మారియన్ తమ పొలాన్ని ఇందుకు ఇచ్చారు. ఇక్కడ రచయితలతో పాటు సంగీతకారులు, చిత్రకారులు, చలనచిత్రకారులు కూడా ఉంటారు. ఒక్కొక్కరికి ఒక్కో స్టూడియో. బసకు, భోజనానికి డబ్బు తీసుకోరు. అవసరాన్ని బట్టి ప్రయాణ ఖర్చుకు సాయం చేస్తారు. న్యూయార్క్ రాష్ట్రంలో సరటోగా స్ప్రింగ్స్‌లో ఉన్న యాడో కూడా ఈ కోవకే చెందుతుంది. అక్కడికి మొదటి అతిథులు 1926లో వచ్చారు. రెండిటికీ ప్రపంచం నలుమూలల నుంచి దరఖాస్తులు వస్తాయి కనుక పోటీ తీవ్రంగా ఉంటుంది. ఆంగ్లంలో రాయనివారు ఎంత గొప్ప రచన పంపినా, ఎంపిక సంఘం చదివేది దాని ఆంగ్ల అనువాదాన్నే అన్న సంగతి ఇక్కడ చాలా ముఖ్యం. దీని గురించి కింద మళ్ళీ చెబుతాను.

స్కాట్లండ్‌లో ఎడిన్‌బరో దగ్గరున్న హాథార్న్‌డెన్ కోట మరింత కఠినమైన ఏకాంతం. పదిహేడో శతాబ్దపు కవి విలియం డ్రమండ్ ఇల్లు అది. డ్రూ హైంజ్ అనే దాత పూనికతో రచయితల నివాసంగా మారింది. ఒక విడతకు కొద్దిమందే ఉంటారు. పగలంతా మౌనం పాటిస్తారు. భోజనం ఇక్కడ కూడా గది దగ్గరికే వస్తుంది. సాయంత్రం మాత్రం అందరూ కలిసి భోంచేస్తారు. సుమారు నెల రోజుల ఈ బసకు, తిండికి ఖర్చు ఉండదు, విమానం టికెట్టు మాత్రం మీదే. నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడకపోతే నిద్ర పట్టని స్వభావం మీదైతే, ఈ కోట మీకు శిక్షగా మారే ప్రమాదం ఉంది. మన ఇళ్ళలో, పక్కగదిలో టీవీ మోగుతుంటే, వంటింట్లోంచి కుక్కర్ కూతలు వినిపిస్తుంటే రాయడం అలవాటైనవారికి పూర్తి నిశ్శబ్దం మొదటి వారం పనికి సాయపడదు. అలవాటు పడటానికే ఆ వారం పోతుంది. అందుకని నెలకు తక్కువ గడువుండే ఏకాంత నివాసానికి వెళ్ళమని ఎవరికీ సలహా ఇవ్వను.

స్విట్జర్లండ్‌లోని షాతో ద లావిన్యీ మధ్యేమార్గం. జర్మన్ ప్రచురణకర్త హైన్రిష్ మారియా లెడిగ్-రోవోల్ట్, ఆయన భార్య జేన్ నివసించిన ఆ ఇల్లు 1996 నుంచి రచయితల నివాసంగా ఉంది. వేసవి నెలల్లో విడతకు అయిదారుగురు చొప్పున, నాలుగు వారాల దాకా ఉంటారు. ఆంగ్లమో ఫ్రెంచో మాట్లాడగలిగితే చాలు; భోజనం బల్ల దగ్గర భాష అదే. అమెరికాలో ఘెంట్ అనే ఊళ్ళో ఆర్ట్ ఓమై సంస్థ నడిపే లెడిగ్ హౌస్ కూడా ఈయన పేరు మీదే 1992లో మొదలైంది. ఈ ప్రచురణకర్త ఆ ఏడాదే ఫిబ్రవరిలో మన న్యూఢిల్లీలో కన్నుమూశాడు.

ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వారి బెలాజో కేంద్రం ఉంది. అందులో రచయితలతో పాటు శాస్త్రవేత్తలు, విధాన నిపుణులు కూడా ఉంటారు కనుక, సమాజానికి సంబంధించిన పెద్ద ప్రశ్నతో ముడిపడిన రచన మీ చేతిలో ఉంటేనే ప్రయత్నించండి. ఉంబ్రియాలోని చివితెల్లా రానియెరి గురించి అడిగేవారు చాలామంది ఉన్నారు. అక్కడికి నామినేషన్ ద్వారా మాత్రమే వెళ్ళగలం, దరఖాస్తు మార్గమే లేదు, కాబట్టి దాని మీద సమయం పెట్టనక్కరలేదు.

మన దగ్గరిలోదైన సంగం హౌస్‌ను ఈ వరసలో ముందే చెప్పవలసింది. 2008లో ఆర్షియా సత్తార్, డి.డబ్ల్యు. గిబ్సన్ కలిసి దీన్ని ప్రారంభించారు. మొదట పుదుచ్చేరి దగ్గర, తరువాత బెంగళూరు శివార్లలో హెసరఘట్టలోని నృత్యగ్రామ్‌లో ఇది సాగింది. భారతీయ భాషల రచయితలను, విదేశీ రచయితలను ఒకే కప్పు కింద కూర్చోబెట్టాలన్నది దీని ఉద్దేశం. వీసా లేదు, భోజనం మన భోజనం, హైదరాబాదు నుంచి ఒక రాత్రి ప్రయాణం. మొదటిసారి రెసిడెన్సీకి వెళ్ళాలనుకునే తెలుగు రచయిత విదేశాల వైపు చూసే ముందు ఇలాంటిచోట కొన్ని వారాలు ఉండి, ఇంటికి దూరంగా తాను రాయగలనో లేదో తేల్చుకోవడం మంచిది. ఏ ఏడాదికి ఆ ఏడాది ప్రకటన వచ్చిందో లేదో చూసుకున్నాకే ప్రణాళిక వేసుకోండి.

జనం కావలసినవారికి

అయోవా కార్యక్రమాన్ని పాల్ ఎంగిల్, హ్వాలింగ్ నియే ఎంగిల్ 1967లో స్థాపించారు. ఆగస్టు చివర మొదలై నవంబరు మొదట్లో ముగిసే ఈ విడతలో అనేక దేశాల రచయితలు ఒకే హోటల్లో ఉంటారు. ఓర్హాన్ పాముక్, మో యాన్, హాన్ కాంగ్ ముగ్గురూ తమకు నోబెల్ రాకముందే ఇక్కడికి వచ్చి వెళ్ళినవారు. విశ్వవిద్యాలయంలో సాహిత్య అనువాదం చదువుకునే విద్యార్థులతో కలిసి మీ రచనను ఆంగ్లంలోకి తెచ్చే తరగతి ఉండటం తెలుగు రచయితకు అన్నిటికంటే పెద్ద లాభం. అయితే ఉపన్యాసాలు, పఠనాలు, ప్రయాణాలు, విందులు వరసగా ఉంటాయి. నవల మొదటి రాత పూర్తి చేయాలన్న ఉద్దేశంతో అయోవా వెళ్తే ఆ పని సగంలోనే మిగిలే అవకాశం ఎక్కువ.

ఈ కార్యక్రమానికి చాలాకాలం ప్రధాన ఆధారం అమెరికా విదేశాంగ శాఖ ఇచ్చే నిధులు. రచయితలను ఆయా దేశాల్లోని అమెరికా రాయబార కార్యాలయాలు సూచించేవి. మనకు హైదరాబాదులో కాన్సులేట్ ఉండటం ఆ మేరకు అనుకూలంగా ఉండేది. 2025 ఫిబ్రవరిలో ఆ శాఖ తన గ్రాంట్లను రద్దు చేసింది. కార్యక్రమం మూతపడలేదు, కానీ దాని పరిమాణం తగ్గింది, యువ రచయితలకు నడిపే వేసవి శిబిరం ఆగిపోయింది. పాత వ్యాసాల్లో, మిత్రుల జ్ఞాపకాల్లో కనిపించే అయోవాకు ఇప్పటి అయోవాకు తేడా ఉందని గుర్తుంచుకుని, ఎంపిక విధానాన్ని, నిధుల పరిస్థితిని తాజాగా చూసుకున్నాకే దాని మీద ఆశ పెట్టుకోవాలి.

బెర్లిన్‌లో డాడ్ (DAAD) అనే జర్మన్ విద్యా మార్పిడి సంస్థ నడిపే కళాకారుల కార్యక్రమం మరో రకం. 1963లో ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో మొదలై, తరువాత డాడ్ చేతికి వచ్చిన ఈ కార్యక్రమం రచయితకు దాదాపు ఏడాదిపాటు ఇల్లు, నెలనెలా భత్యం ఇస్తుంది. కుటుంబాన్ని కూడా తీసుకుని వెళ్ళగల కొద్దిచోట్లలో ఇది ఒకటి. ఇప్పటికే కొన్ని పుస్తకాలు వచ్చి, వాటిలో కొంతైనా ఆంగ్లంలోనో జర్మన్‌లోనో దొరికే స్థితిలో ఉన్న రచయితలే దీనికి సరిపోతారు. కొత్తవారు దీన్ని పదేళ్ళ తరువాతి లక్ష్యంగా పెట్టుకోవచ్చు.

అనువాదకులు ముందు చూడవలసింది భాషల దిశ

అనువాదకుల నివాసాల్లో చాలావాటి తలుపులు అందరికీ తెరుచుకోవు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని అనువాదకుల ఇల్లు డచ్, ఫ్రీజియన్ భాషల నుంచి అనువదించేవారి కోసం. దక్షిణ ఫ్రాన్సులో ఆర్ల్ పట్టణంలో, ఒకప్పుడు వాన్ గోగ్ చికిత్స పొందిన ఆసుపత్రి భవనంలో ఉన్న అనువాదకుల కళాశాలలో ఫ్రెంచి ఒకవైపు ఉండాలి. బెర్లిన్‌లో వాన్‌జే సరస్సు ఒడ్డున ఉన్న సాహిత్య కేంద్రం ప్రధానంగా జర్మన్ నుంచి అనువదించేవారిని పిలుస్తుంది. మనవాళ్ళలో ఫ్రెంచి, జర్మన్ రచనలను తెలుగులోకి తెచ్చినవారిలో ఎక్కువమంది ఆంగ్లం మీదుగా తెచ్చారు. ఈ నివాసాలు మూలభాష తెలిసిన అనువాదకుని కోసం చూస్తాయి కనుక ఆ దారి ఇక్కడ పనికిరాదు. హైదరాబాదులో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలోనో, మరోచోటనో ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ శ్రద్ధగా చదువుకుని, తెలుగు కూడా చక్కగా రాయగలవారికి మాత్రం పోటీ దాదాపు ఉండదని చెప్పవచ్చు, ఎందుకంటే ఆ జంట భాషల్లో దరఖాస్తు చేసే తెలుగువారు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమందే ఉంటారు. మూలభాష మాట్లాడే నేల మీద ఉండి తెలుగు చేయడం మనకు కొత్త కాదు. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి మాస్కోలో ఉండి సోవియట్ ప్రచురణలకు తెలుగు అనువాదాలు చేశారు. అది రెసిడెన్సీ కాదు, జీతమిచ్చే ఉద్యోగం.

దిశ పట్టింపు లేని ఇళ్ళు కూడా కొన్ని ఉన్నాయి, తెలుగు అనువాదకులు ముందు చూడవలసినవి ఇవే. స్విట్జర్లండ్‌లో జ్యూరిక్ దగ్గరి వెర్నెట్స్‌హౌసెన్ అనే పల్లెలో 2005 నుంచి నడుస్తున్న లోరెన్ అనువాదకుల ఇల్లు ఏ భాష నుంచి ఏ భాషలోకి చేసేవారినైనా తీసుకుంటుంది. పదిమంది దాకా ఉండగలరు. స్ట్రాలెన్‌లోని యూరోపియన్ అనువాదకుల కళాశాల వీటన్నిటికీ పెద్దక్క. నాటకకర్త శామ్యూల్ బెకెట్‌ను జర్మన్‌లోకి తెచ్చిన ఎల్మార్ టోఫోవెన్ ఆ ఊరివాడే. ఆయన, క్లౌస్ బిర్కెన్‌హౌవర్ కలిసి 1978లో దీన్ని స్థాపించారు. లక్షకు పైగా పుస్తకాలున్న గ్రంథాలయం మధ్యలోనే గదులు ఉంటాయి. ఏ అర్ధరాత్రి లేచినా నిఘంటువు చేతికి అందుతుంది. జర్మన్‌తో సంబంధం ఉన్న పనికి అక్కడ ఆర్థిక సాయం దొరికే అవకాశం ఎక్కువ. స్విట్జర్లండ్‌లోనే మోంత్రిషే ఊళ్ళో యాన్ మిఖాల్‌స్కీ ఫౌండేషన్ వారు పెద్ద కాంక్రీటు పందిరికి వేలాడదీసినట్టు కట్టిన గదుల్లో రచయితలకు, అనువాదకులకు ఇద్దరికీ చోటిస్తారు. అక్కడ భత్యం కూడా ఉంటుంది. లాత్వియాలోని వెంట్స్‌పిల్స్ ఇల్లు కూడా ఇద్దరికీ తెరిచే ఉంటుంది.

కెనడాలో ఆల్బర్టా రాష్ట్రపు కొండల్లో బాన్ఫ్ సెంటర్ 2003లో మొదలుపెట్టిన అంతర్జాతీయ అనువాద కార్యక్రమం నియమాన్ని కాస్త జాగ్రత్తగా చదవాలి. మూడు వారాలపాటు సుమారు పదిహేనుమంది అనువాదకులు కలిసి పనిచేస్తారు. కొందరు తాము అనువదిస్తున్న రచయితను కూడా కొద్దిరోజులు రప్పించుకోగలరు. కెనడా, అమెరికా, మెక్సికోలకు చెందిన అనువాదకులైతే ఏ భాష నుంచైనా చేయవచ్చు. మిగతా దేశాలవారైతే అమెరికా ఖండాల సాహిత్యాన్ని అనువదిస్తూ ఉండాలి. అంటే డల్లాస్‌లో స్థిరపడిన తెలుగావిడ తెలుగు నవలను ఆంగ్లంలోకి తెస్తుంటే ఆమెకు అర్హత ఉంటుంది. అదే నవలను అదే ఆంగ్లంలోకి విజయవాడలో కూర్చుని తెస్తున్నావిడకు ఉండదు. కానీ విజయవాడ ఆవిడ ఒక కెనడా రచయిత్రి కథలను తెలుగులోకి తెస్తుంటే ఆమె కూడా అర్హురాలే. తెలుగు నుంచి ఆంగ్లంలోకి వెళ్ళే అనువాదం మీదే మన దృష్టంతా ఉండటం వల్ల ఈ రెండో దారిని పట్టించుకునేవారు తక్కువ.

రచయిత, అనువాదకుడు ఇద్దరూ జంటగా వెళ్ళాలనుకుంటే ఆర్ట్ ఓమై వారి అనువాద ప్రయోగశాల ఉంది. నలుగురు అనువాదకులు, వారు ఆంగ్లంలోకి తెస్తున్న నలుగురు రచయితలు రెండు వారాలకు కాస్త తక్కువగా ఒకేచోట ఉంటారు. గడువు చిన్నది కనుక మొత్తం అనువాదం ఒకసారి పూర్తయి, ఇద్దరూ కూర్చుని తేల్చుకోవలసిన ప్రశ్నలు మాత్రమే మిగిలిన దశలో వెళ్తేనే ప్రయోజనం. తెలుగు నుంచి చేసేటప్పుడు ఆ ప్రశ్నలు ఎలా ఉంటాయో ఒక వాక్యంలో చూడండి: "అత్తయ్య ఏమంటుందోనని మామయ్య అరుగు దిగలేదు." ఈ అత్తయ్య తండ్రి చెల్లెలా, మేనమామ భార్యా, భర్త తల్లా? ఆంగ్లంలో అత్తయ్య, మామయ్య అన్న రెండు మాటలకు కుదిరే మాటలు ఈ తేడాను చెప్పవు. అరుగు వీధిలో ఉందా, ఇంట్లో ఉందా అన్నది తెలియకపోతే ఆయన దిగకపోవడంలోని భయమూ తెలియదు. రచయిత పక్కనే ఉంటే అయిదు నిమిషాల్లో తేలే విషయం ఇది. లేఖల మీద వారం పడుతుంది.

వీటిలో ఏదీ ఇంకా అందుబాటులో లేదనిపించే కొత్త అనువాదకులు ఇంగ్లండ్‌లోని నారిచ్‌లో, డబ్ల్యు.జి. జెబాల్ట్ 1989లో స్థాపించిన బ్రిటిష్ సాహిత్య అనువాద కేంద్రం నడిపే వేసవి పాఠశాల వంటివాటితో మొదలుపెట్టవచ్చు. అది రెసిడెన్సీ కాదు, వారం రోజుల శిక్షణ. కానీ అక్కడ తయారైన పది పేజీలు తరువాతి దరఖాస్తులకు నమూనాగా పనికొస్తాయి.

మనవారి దరఖాస్తులు ఎక్కడ ఆగిపోతాయి

అనువాదకుల ఇళ్ళు సాధారణంగా ప్రచురణ ఒప్పందం అడుగుతాయి. మన దగ్గర రాతపూర్వక ఒప్పందం అరుదు. ఫోనులో మాట అనుకుంటాం, పుస్తకం వస్తుంది, కొన్ని కాపీలు ఇంటికి వస్తాయి. కొన్నేళ్ళ కిందట నేను ఒక అనువాదకుల ఇంటికి మొదటిసారి దరఖాస్తు పంపినప్పుడు, ప్రచురణకర్త వాట్సాప్‌లో పెట్టిన "తప్పకుండా వేద్దామండీ" అన్న మెసేజీ తప్ప నా దగ్గర మరో ఆధారం లేదు. దాన్నే ఫొటో తీసి, కింద ఆంగ్లంలో అర్థం రాసి పంపాను. సంతకం చేసిన ఒప్పందం ఉంటే పంపగలరా అని రెండు వాక్యాల మర్యాదైన జవాబు వచ్చింది. అది తయారయ్యేలోపు గడువు దాటిపోయింది. ఇప్పుడు ఏ పని ఒప్పుకున్నా ముందే ప్రచురణకర్త లెటర్‌హెడ్ మీద ఒక పేజీ రాయించుకుంటున్నాను: మూల రచన పేరు, రచయిత పేరు, హక్కుదారు అనుమతి, అనువాదకుని పేరు, ప్రచురించదలచిన సంవత్సరం, ఇచ్చే పారితోషికం, ఇద్దరి సంతకాలు. పారితోషికం లేకపోతే లేదనే రాయించండి; ఖాళీగా వదిలేస్తే అనుమానాలు వస్తాయి.

హక్కుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. భారతదేశంలో రచయిత మరణించాక 60 ఏళ్ళకు హక్కులు ముగుస్తాయి. యూరప్‌లో 70 ఏళ్ళు. 1960లో చనిపోయిన యూరప్ రచయిత పుస్తకాలు మన దేశంలో 2021 నుంచి ఎవరైనా వేసుకోవచ్చు, అక్కడ మాత్రం 2031 దాకా ఆగాలి. జర్మనీలోనో స్విట్జర్లండ్‌లోనో వేయబోయే అనువాదానికి ఈ పదేళ్ళ తేడా అడ్డం వస్తుంది.

రచయితల విషయంలో ఆగిపోయేది నమూనా దగ్గర. నవల తెలుగులో ఎంత బాగున్నా, ఎంపిక సంఘం చేతికి వెళ్ళే పది, ఇరవై పేజీల ఆంగ్లం హడావుడిగా చేయించినదైతే మిగతా పత్రాలు ఎంత బాగున్నా లాభం లేదు. ఇంట్లో ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లల చేతనో, ఆంగ్ల ఉపాధ్యాయుడైన మిత్రుని చేతనో గడువుకు మూడు రోజుల ముందు చేయించిన అనువాదం వ్యాకరణపరంగా సరిగ్గానే ఉండవచ్చు, కానీ అందులో మీ గొంతు వినిపించదు. దరఖాస్తుకు కనీసం ఆరు నెలల ముందు, సాహిత్యం అనువదించే అనుభవం ఉన్నవారిని వెతికి, తగిన పారితోషికం ఇచ్చి, ఒక పూర్తి అధ్యాయం చేయించుకోండి. ఈ ఖర్చుకు వెనుకాడేవారు విమానం టికెట్టుకు అంతకు ఎన్నో రెట్లు పెట్టడానికి సిద్ధంగా ఉండటం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

మూడోది ప్రణాళిక పత్రం. "మారుతున్న గ్రామీణ జీవితం మీద ఒక నవల రాయాలనుకుంటున్నాను, మీ ప్రశాంత వాతావరణం నాకు స్ఫూర్తినిస్తుందని నమ్ముతున్నాను" అని రాస్తే అందులో ఎంపిక సంఘానికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. "నవల రెండో రాత పూర్తయింది. మూడో భాగంలో కథ చెప్పే గొంతు తల్లి నుంచి కూతురికి మారుతుంది. ఆ మార్పు కుదరలేదు. ఆ పదకొండు అధ్యాయాలను నాలుగు వారాల్లో తిరగరాస్తాను, మొదటి వారం కూతురి గొంతులో ఉత్తరాలు మాత్రమే రాసుకుంటాను" అని రాస్తే, చదివేవారికి మీరు అక్కడ పొద్దున్న లేచి ఏం చేస్తారో కనిపిస్తుంది. ఇలా రాయలేకపోతున్నారంటే, మీరు ఇంకా రెసిడెన్సీకి వెళ్ళే దశకు రాలేదని కూడా అనుకోవచ్చు.

డబ్బు, సెలవు, ఇల్లు

ప్రతి ప్రకటనలోనూ నాలుగు విషయాలు విడివిడిగా చూడండి: బస, తిండి, ప్రయాణం, చేతి ఖర్చు. నాలుగూ ఇచ్చే సంస్థలు కొన్నే ఉన్నాయి. బస, తిండి ఇచ్చి మిగతావి మీకు వదిలేసేవి ఎక్కువ. బసకు కూడా డబ్బు తీసుకుని, కొందరికి మాత్రం రాయితీ ఇచ్చే వెర్మాంట్ స్టూడియో సెంటర్ లాంటివి కూడా ఉన్నాయి. పూర్తి రాయితీ దొరికితే తప్ప రూపాయల్లో సంపాదించేవారికి అవి భారమే. అమెరికన్ సంస్థలు చాలావరకు దరఖాస్తుకే రుసుము తీసుకుంటాయి. ఏటా పదిచోట్లకు పంపితే అదే చిన్న మొత్తం కాదు కనుక, మీ పనికి నిజంగా సరిపోయే మూడిటికే పంపండి.

యూరప్ వెళ్ళేవారు ప్రయాణాన్ని కలిపి చూసుకోవచ్చు. షెంగెన్ వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు ఉండవచ్చు. లావిన్యీలో నాలుగు వారాలు, లోరెన్‌లో నాలుగు వారాలు వరసగా కుదిరితే ఒకే టికెట్టు, ఒకే వీసా, కనీసం 30,000 యూరోల రక్షణ ఉన్న ఒకే ప్రయాణ బీమాతో రెండూ ముగుస్తాయి. రెండు ఆహ్వానాలనూ వీసా దరఖాస్తుకు జతచేయాలి. హాథార్న్‌డెన్‌ను ఈ లెక్కలో కలపకండి. బ్రిటన్ వీసా వేరు.

తెలుగులో రాసేవారిలో ఉపాధ్యాయులు, ప్రభుత్వోద్యోగులు ఎందరో ఉన్నారు. విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి, ఆర్జిత సెలవు రెండూ కావాలి. ఆహ్వానం వచ్చాక ఫైలు కదిలిస్తే సమయం చాలదు కాబట్టి, దరఖాస్తు చేసినప్పుడే పై అధికారికి ఒక మాట చెప్పి ఉంచడం మేలు. అధ్యాపకులకు కొద్ది వారాల్లో ముగిసే లావిన్యీ, బాన్ఫ్ లాంటివి అయోవా కంటే అనుకూలం. పసిపిల్లలున్న తల్లులకు ఈ రంగం ఇప్పటికీ న్యాయంగా లేదు. చాలాచోట్ల కుటుంబానికి చోటుండదు. బెర్లిన్ లాంటి దీర్ఘకాలిక కార్యక్రమాలే కొంత వెసులుబాటు. అలాంటివారికి దూరంగా ఉన్న పెద్ద పేరు కంటే, రెండు వారాలే అయినా ఇంటికి దగ్గరగా ఉండే నివాసమే పనికొస్తుందని నా అభిప్రాయం. శాకాహారులు లోరెన్, స్ట్రాలెన్ లాంటి, ఎవరి వంట వారు చేసుకునే ఇళ్ళలో హాయిగా ఉండగలరు. బుట్ట వచ్చేచోట ముందే రాసి చెప్పాలి.

చివరగా, కలం పేరుతో రాసేవారికి ఒక జాగ్రత్త. ఆహ్వాన పత్రం పాస్‌పోర్టులోని పేరుతోనే రావాలి, ఇంటిపేరు ఎక్కడ ఉందో అక్కడే ఉండాలి. పుస్తకాల మీద ఒక పేరు, పాస్‌పోర్టు మీద మరో పేరు ఉంటే, ఇద్దరూ ఒకరేనని ప్రచురణకర్త ఒక వాక్యం రాసి సంతకం చేసిన కాగితాన్ని దరఖాస్తుకూ వీసా పత్రాలకూ జతచేయండి.